చదివింపులు, ముయ్యి, మేర: ఇందులో కానుక ఏది, బేరం ఏది?

పెన్నదరి (కడప)

అందరికీ నమస్తే. డిగ్రీ రెండో సంవత్సరం సోషియాలజీలో పాతకాలపు సమాజాల కానుకల మార్పిడికీ ఇప్పటి మార్కెట్ వ్యాపారానికీ పోలిక చెప్పే పాఠం ఉంది. పుస్తకంలో ఉదాహరణలన్నీ పసిఫిక్ దీవులవి, కెనడా తీరానివి. పిల్లలేమో కమలాపురం, మైదుకూరు, ముద్దనూరు పక్క పల్లెల వాళ్లు. మన ఊరి ముచ్చట చూపించకుంటే పరీక్ష రాసి మరిచిపోతారు.

కానుకంటే ఊరికే ఇచ్చేది, వ్యాపారమంటే ధర కట్టి ఇచ్చేది అని పుస్తకం తేల్చేసింది. కానీ పెళ్లిలో 1,116 చదివిస్తే అది నోటుబుక్కుకెక్కుతుంది, రేపు తిరిగి రావాల్సిందే. మరి అది కానుకా, అప్పా? సేద్యంలో ముయ్యికి పోవడాన్ని, అంటే కూలి లేకుండా ఒకరి చేన్లో ఒకరు వంతుల వారీగా పని చేసుకోవడాన్ని, ఎక్కడ పెట్టాలి? వెనకటికి ఊరి పనులు చేసే ఆయగాళ్లకు కల్లంలో కొలిచిన మేర, అంటే పంటలో వంతు, దాని సంగతేంది? పిల్లల చేత చేయించదగ్గ పని ఏమన్నా ఉంటే అదీ చెప్పండి.

హంద్రీగట్టు (కర్నూలు)

సార్, ‘ఊరికే’ అన్న మాట పట్టుకుంటే మొదటి రోజే ఇరుక్కుంటారు. ఊరికే వచ్చే కానుక ఎక్కడా లేదు. ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త మార్సెల్ మాస్ 1925లోనే ఆ సంగతి చెప్పాడు: ఇవ్వాలి, ఇస్తే తీసుకోవాలి, తీసుకుంటే తిరిగివ్వాలి. మూడూ తప్పించుకోలేని బాధ్యతలే. తేడా ఎక్కడుందంటే లెక్క ఎప్పుడు తీరుతుంది అన్నచోట. అంగట్లో కిలో కందిబేడలు తీసుకుని డబ్బు కడితే అక్కడితో సరి, రేపు ఎదురుపడినా పలకరించనక్కర్లేదు. కానుకలో లెక్క తీరకుండా ఉంచడమే పని. పక్కింటివాళ్లు సారె గిన్నె పంపితే అదే గిన్నెలో అన్నే లడ్లు పెట్టి అదే పూట వెనక్కి పంపి చూడండి, మీ పొత్తు మాకొద్దు అన్నట్టే. నాలుగు రోజులాగి, వేరే వస్తువు, కాస్త హెచ్చో తగ్గో ఉండాలి. ఆ వ్యవధి, ఆ తేడా రెండూ కావాలి.

పసిఫిక్ ఉదాహరణను తీసేయకండి, దాన్ని సగమే చెప్పడం వల్ల తంటా. మానవశాస్త్రవేత్త మలినోస్కీ 1915 నుంచి 1918 మధ్య పసిఫిక్‌లోని ట్రోబ్రియాండ్ దీవుల్లో ఉండి రాసిన ‘కులా’ అనే కానుకల చక్రం సంగతి ఇది. ఎర్ర చిప్పల హారాలు దీవుల చుట్టూ గడియారం ముల్లు తిరిగే వైపు పోతాయి, వాటి పేరు సౌలవ. తెల్ల చిప్పల దండకడియాలు, అంటే మ్వాలి, ఎదురు దిక్కున వస్తాయి. ఏదీ ఒకడి దగ్గరే ఉండిపోకూడదు, కొంతకాలం పెట్టుకుని దాటించాలి. హారం ఇచ్చినవాడు అప్పటికప్పుడు కడియం అడగడు, బేరం ఆడడు. ఎంతటి కడియం తిరిగొస్తుందనేది పుచ్చుకున్నవాడి మర్యాదకు వదిలిన సంగతి.

ఇక పుస్తకాలు వదిలేసే మిగతా సగం. అవే పడవల్లో కుండలు, సగ్గుబియ్యపు పిండి, కొయ్య పళ్లేలు కూడా పోతాయి. వాటిని గట్టిగా బేరమాడి మార్చుకుంటారు, దాని పేరు గిమ్వాలి. అయితే తన కులా జతగాడితో మాత్రం గిమ్వాలి చేయకూడదు, పక్కవాడితో చేసుకోవచ్చు. కులాలో నీచంగా ప్రవర్తించినవాణ్ణి ‘గిమ్వాలి చేసినట్టు చేశాడు’ అని తిడతారు. అంటే వాళ్లకు బేరం తెలియక కాదు. ఎవరితో బేరమాడొచ్చో, ఎవరితో ఆడకూడదో తెలుసు. మన ఊళ్లోనూ వియ్యంకుడి దగ్గర ఎద్దులు కొనాల్సివస్తే మధ్యలో ఇంకో మనిషిని పెట్టుకునేది అందుకే.

ఇంకొక్క మాట. మొదట వస్తుమార్పిడి, తర్వాత డబ్బు, ఆ తర్వాత అప్పు అని 1776లో ఆడం స్మిత్ చెప్పిన వరుసనే ఇంకా పాఠాల్లో పెడుతున్నారు. మానవశాస్త్రవేత్త కరోలిన్ హంఫ్రీ 1985లో చూపించినట్టు, కేవలం వస్తుమార్పిడి మీదే నడిచిన సమాజం ఒక్కటీ పరిశోధకులకు దొరకలేదు. ఎరిగినవాళ్ల మధ్య బదుళ్లూ అప్పులూ నడిచేవి, అక్కడికక్కడ వస్తువుకు వస్తువు మార్చుకోవడం ఎక్కువగా పరాయివాళ్లతోనే. మన చేబదులు ఆ మొదటి కోవలోదే. వడ్డీ లేదు, కాగితం లేదు, గడువు అడిగితే తప్పు, ఎగ్గొడితే ఇంకా తప్పు.

ఎర్రనేల (అనంతపురం)

ముయ్యి గురించి వరకు నేను చెప్తా. పిల్లలకు లెక్క వేసి చూపించండి, పాఠమంతా అందులోనే ఉంది.

ఐదిళ్లు జట్టు కట్టినాయి అనుకోండి. ఇంటికి ఇద్దరు. రోజుకొకరి చేన్లో పదిమంది పడతారు. ఐదు రోజులకు ప్రతి ఇల్లూ 10 మనిషిరోజులు పెట్టి, 10 మనిషిరోజులు తీసుకుంటుంది. మార్కెట్ కళ్లతో చూస్తే నికరం సున్నా, ఎవరికీ లాభం లేదు. మరెందుకు? ఇద్దరే చేసుకుంటే ఆ చేను కలుపు ఐదు రోజులు పడుతుంది, పదిమందైతే పొద్దుగుంకేలోగా అయిపోతుంది. చేతిలో రూపాయి లేని నెలలో కూలి ఇవ్వకుండా పని గడుస్తుంది. చేను గలవాళ్లు మధ్యాహ్నం సంగటి పెడితే చాలు.

జట్టు ఎందుకు చెడుతుందో కూడా చెప్పాల. మొదటిది, చేల కొలత. రెండెకరాలాయన, ఐదెకరాలాయన ఒకే జట్టులో ఉంటే పెద్దాయన తిన్న రోజులు ఎక్కువవుతాయి. ఆ పైరోజులకు కూలి కట్టాలా, ఎద్దులు పంపాలా అన్నది మొదటి రోజే మాట్లాడుకోవాల. ఎద్దుల కాడికి ఎన్ని మనిషిరోజులనేది ఒక్కో ఊర్లో ఒక్కో లెక్క, దాన్ని కూడా ముందే అనుకోవాల. రెండోది, ఎవరు వచ్చినారన్నది. ఈ ఇంట్లోంచి గట్టి మనిషి వచ్చింది, ఆ ఇంట్లోంచి పన్నెండేళ్ల పిల్లోన్ని పంపినారు అంటే మూడో రోజుకే గొణుగుడు మొదలు. ముయ్యిలో రోజుకు రోజే గానీ ఆడమనిషి రోజు, మగమనిషి రోజు అని తేడా పెట్టరు. కూలి మార్కెట్లో పెడతారు. కాబట్టి మగవాళ్లున్న ఇల్లు ‘మాకు నష్టం’ అని లెక్క తీసిన రోజు జట్టు పగిలినట్టే.

మూడోది, దీన్ని బయటివాళ్లు పట్టించుకోరు: అదును. మా ఎర్ర నేలల్లో మన్ను లోతు తక్కువ. వాన పడినాక పదును నాలుగు రోజులు నిలిస్తే గొప్ప. విత్తనం పనికి అందరికీ ఒకే దినం కావాల. వంతు పెట్టుకుంటే చివరి వంతు వాడి చేను ఆరిపోతుంది. అందుకే విత్తనానికి ముయ్యి నిలవదు, గొర్రో ట్రాక్టరో బాడుగకు తెచ్చుకోవాల్సిందే. కలుపు ఒకటి రెండు రోజులు అటూఇటూ అయినా పంట పోదు గాబట్టి అక్కడ ముయ్యి బాగా కుదురుతుంది. వేరుశనగ చెట్టు పీకేటప్పుడు మళ్లీ తొందర. నేల గట్టిపడితే ఊడలు తెగి కాయ లోపలే ఉండిపోతుంది.

ట్రాక్టరు వచ్చినాక సగం పనులు గంట బాడుగ కిందికి పోయినాయి, గంటను ముయ్యి పెట్టలేం కదా. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మా జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే. ఆడామగా తేడా లేని కూలి రేటు ఊరిదాకా వచ్చింది. అది మంచిదే. కానీ ఆ దినం నుంచి ముయ్యికి పోయిన రోజుకు కూడా మనసులో ఒక రేటు పడింది.

కల్లంగట్టు (నంద్యాల)

మేరను దయచేసి కానుకల పాఠంలో ముద్దుముద్దుగా చెప్పకండి. నేను ఇక్కడ పై ఇద్దరితో కొంచెం విభేదిస్తా.

ముందు అది ఎలా నడిచేదో. విజయనగర కాలం నుంచి మన సీమలో పన్నిద్దరు ఆయగాళ్ల ఏర్పాటు ఉంది: రెడ్డి, కరణం, తలారి, నీరుగంటి, వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి, పురోహితుడు ఇలా. జాబితా ఊరూరికీ కొంచెం మారుతుంది. కొందరికి పన్ను లేని మాన్యం, కొందరికి పంటలో మేర, కొందరికి రెండూ. తూర్పారబట్టి రాశి పోసినాక, రైతు గింజలు ఇంటికి చేరకముందే కల్లంలోనే మేర కొలిచేవాళ్లు. వడ్రంగికి, కమ్మరికి సాధారణంగా మడకల లెక్కన. నాలుగు మడకల సేద్యమైతే నాలుగు వంతులు. చాకలికి, మంగలికి ఇంటి లెక్కన. కొలత కుంచాల్లో, తూముల్లో: నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. ఏడాదంతా మడక చెక్కడం, కర్రు సానబెట్టడం మేరలోనే కలిసిపోతాయి. కొయ్య, ఇనుము రైతువే. కొత్త బండి చేయించుకుంటే మాత్రం వేరే కూలి.

చూడటానికి ఇది తీరని లెక్కే, ఏడాది పొడవునా పని, ఒక్కసారి గింజ. కానీ ఇందులో ఇచ్చేవాడి ఇష్టం లేదు, పుచ్చుకునేవాడి ఇష్టం అంతకంటే లేదు. చాకలి ‘మీ ఇంటి మైల నేను ఉతకను’ అనగలడా? తలారి పని వద్దని ఇంకో వృత్తికి పోగలడా? అట్టడుగు కులాల చేత చేయించిన వెట్టికి ఈ గింజల కొలత కూడా సరిగ్గా ఉండేది కాదు. చట్టం వెట్టిచాకిరీని రద్దు చేసింది 1976లో. కానుక బంధాన్ని నిలబెడుతుంది అంటారు, మేర నిలబెట్టింది మెట్ల వరుసను. కాబట్టి పిల్లలకు మూడో గడి ఒకటి గీయండి: కానుక, బేరం, పుట్టుకతో వచ్చిన హక్కు-బాధ్యత. మేర ఆ మూడోదాంట్లోది.

అది పోయిన తీరు కూడా డబ్బు వచ్చి మింగేసింది అన్నంత తేలిక కాదు. కొర్ర, జొన్న, సజ్జ పండినన్నాళ్లు మేర అంటే తిండి. అనంతపురం పక్క వేరుశనగ ముంచెత్తాక కల్లంలో పోసిన రాశి తినే గింజ కాదు, అమ్మే సరుకు. కమ్మరికి శనక్కాయలు కొలిస్తే వాడు మళ్లీ వాటిని అమ్ముకుని జొన్నలు కొనాలి. దానికంటే డబ్బే ఇవ్వమన్నాడు. రెండేళ్లు వరుసగా కరువొస్తే మేర అసలు రాదు, ఎందుకంటే అది పండినదాంట్లో వంతు. అలాంటి ఏడు కదిలిపోయిన వృత్తులవాళ్లు చాలామంది మళ్లీ రాలేదు. మడక పోయి ట్రాక్టరు రావడంతో వడ్రంగి లెక్కకు ఆధారమే లేకుండా పోయింది. కరణం, మునసబుల సంగతి వేరు, వాళ్ల పోస్టులను 1984లో ప్రభుత్వమే రద్దు చేసింది.

దేవునికడప దారి

చిన్న చేర్పు. కడప పిల్లలకు ఉగాది నాటి దేవుని కడప గుడి చూపండి. ఆ రోజు ముస్లిం కుటుంబాలు వచ్చి కొబ్బరికాయ కొట్టి, స్వామికి బత్యం (వంట సరుకులు) ఇచ్చిపోతాయి. బీబీ నాంచారమ్మ తమ ఆడబిడ్డ గనుక వేంకటేశ్వరుడు అల్లుడు అన్న వరస. చుట్టరికం ఉంది కాబట్టి పెడుతున్నారా, పెడుతున్నారు కాబట్టి చుట్టరికం నిలిచిందా అని అడగండి, గంట క్లాసు దానంతట అదే నడుస్తుంది.

మండీబజారు (ఆదోని)

అందరూ కానుక వైపే ఉన్నారు, మార్కెట్ వైపు ఎవరూ రాలేదు. లెక్క తీరకపోవడమంటే ఎప్పుడూ ఆప్యాయతే అనుకోవద్దు.

ఆదోని యార్డులో పత్తి అమ్మకం చూడండి. బండి లోపలికి రాగానే లాట్ నంబరు, కొనేవాళ్లు చూసి టెండరు, ధర ఖాయం, కాటా, తక్‌పట్టీ (అమ్మకం చీటీ), డబ్బు. కొన్నవాడెవడో రైతుకు తెలియాల్సిన పని కూడా లేదు. ఇది శుద్ధమైన తెగిన లెక్క. 2016లో వచ్చిన ఈ-నామ్ (జాతీయ ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్) ఉద్దేశం దీన్ని ఇంకా తెంపడమే, కొనేవాడు వేరే ఊర్లో కూర్చుని కూడా ధర పెట్టగలగాలి.

అదే రైతు జూన్‌లో విత్తనాలకు, మందులకు కమీషన్ ఏజెంటు దగ్గర డబ్బు తెచ్చుకున్నాడనుకోండి. ఇప్పుడు సరుకు ఆయన దగ్గరికే పోవాలి. పక్క మండీలో ఎక్కువ పలికినా పోలేడు. తరుగు ఎంత తీసినా, హమాలీ ఎంత పట్టినా నోరెత్తలేడు, ఎందుకంటే వచ్చే జూన్‌లో మళ్లీ ఆయన గడపే ఎక్కాలి. ఆసుపత్రి ఖర్చుకు రాత్రిపూట డబ్బు ఇచ్చేది కూడా ఆయనే, పెళ్లికి వచ్చి చదివించేదీ ఆయనే. ఇది మార్కెట్టా, కానుకా? రెండింటిలో ఎవరికి ఏది లాభమో అది వాడుకుంటారు. ధర దగ్గర చుట్టరికం, బాకీ దగ్గర వ్యాపారం!

ఇంకోవైపు పత్తికొండలో టమాటా ధర పడిపోయిన రోజు చూడండి. కోత కూలి, బాడుగ కూడా రాక రైతు గంపలు రోడ్డు మీద పారబోసి పోతాడు. తెగిన లెక్కకు ఆ పూట అతని బాగోగుల బాధ్యత ఎవరిదీ కాదు. కాబట్టి ఏది మంచిది అనే ప్రశ్న పెట్టకండి సార్. లెక్కను తెంచుకునే వీలు ఎవరి చేతిలో ఉంది అని అడగమనండి. ముయ్యిలో ఐదిళ్లకీ సమానంగా ఉంది, మండీ అప్పులో ఒకరికే ఉంది.

పెన్నదరి (కడప)

ఈ చివరి ప్రశ్న నాకు బాగా పనికొస్తుంది. కల్లంగట్టు గారి మూడో గడి కూడా తీసుకుంటున్నా. చదివింపుల సంగతి ఎవరూ తేల్చలేదు. దాంతోనే పిల్లల పని పెట్టాలనుకుంటున్నా.

లెక్కలబల్ల (ప్రొద్దుటూరు)

చదివింపులు అప్పు కాదు సార్. అప్పయితే అడగొచ్చు, గడువుంటుంది, ఇచ్చినవాడు చనిపోతే వారసుడు వసూలు చేస్తాడు. ఇక్కడ అడిగితే పరువు పోతుంది. తిరిగిచ్చేది మీ వీలు చూసుకుని కాదు, వాళ్లింట్లో శుభకార్యం వచ్చినప్పుడే. వాళ్లింట్లో పెళ్లీడు పిల్లలు లేకపోతే గృహప్రవేశానికో, పురుడుకో తీరుస్తారు. పద్దు మాత్రం అప్పు పద్దు లాగే రాస్తారు, చిక్కంతా దాంతోనే.

తిరిగిచ్చే మొత్తం ఎంత అన్నది చూడండి. 2005లో 516 చదివించినవాళ్లకు 2025లో ఎంత పెట్టాలి? ధరల పెరుగుదల ప్రకారం మూడు రెట్లకు పైనే. బంగారం లెక్కనైతే ఇంకా ఘోరం, అప్పుడు పది గ్రాములు ఏడు వేల అటూఇటూ, ఇప్పుడు లక్ష దాటింది. ఎవరూ ఈ రెండు లెక్కలూ వేయరు. 116, 516, 1,116, 2,116 అని మెట్లున్నాయి, పాత మెట్టు మీద ఒకటో రెండో ఎక్కుతారు. అదే మెట్టు దగ్గర ఆగితే పిసినారి, నాలుగు మెట్లు ఎగిరితే డాబు. సారె, ఒడిబియ్యం, పెట్టుబడి బట్టల వరస మళ్లీ వేరు, సారెకు బదులు కవరులో డబ్బు పంపితే తగవే. ఆఫ్రికాలో టివ్ జాతి గురించి మానవశాస్త్రవేత్త పాల్ బొహానన్ రాసింది ఇలాంటిదే. తిండి గింజలు ఒక వరస, పశువులూ ఇత్తడి కడ్డీలూ ఇంకో వరస. మార్పిడి మామూలుగా ఏ వరసకావరస లోపలే జరిగేది.

కట్నాన్ని మాత్రం ఇందులో కలపనివ్వకండి. ఇంత కావాలని అడిగి, బేరమాడి, పెళ్లికి ముందే చెల్లించేది కానుక వేషం వేసిన ధర. 1961 చట్టం ప్రకారం నేరం. అడగకుండా ఇచ్చిన కానుకలకు 1985 నియమాల ప్రకారం జాబితా రాయాలి: వస్తువు, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, వరస, కింద వధూవరులిద్దరి సంతకాలు. మన చదివింపుల పుస్తకానికి ఇంకో రెండు గడులు చేరిస్తే ఆ జాబితా అయినట్టే. పన్ను విషయం కూడా చెప్పండి: పెళ్లి సందర్భంగా వధూవరులకు వచ్చిన కానుకకు ఆదాయపు పన్ను లేదు. ఆ మినహాయింపు పెళ్లి చేసుకునేవాళ్లకే, వాళ్ల నాయనకు కాదు. స్నేహితుల దగ్గర వచ్చినదంతా తండ్రి ఖాతాలో జమ అయి ఏడాదికి 50,000 దాటితే సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది.

పిల్లల పని ఇలా పెట్టండి. ఒక్కొక్కరు తమ ఇంట్లోనో చుట్టాల ఇంట్లోనో రెండు చదివింపుల పుస్తకాలు సంపాదించాలి, మధ్య కనీసం పదేళ్ల తేడా ఉండాలి. పేర్లు ఎక్కించుకోకూడదు, వాటికి బదులు నంబర్లు. గడులు: ఊరు, వరస (రక్తబంధువు, వియ్యంకుల వైపు, ఇరుగుపొరుగు, ఉద్యోగం, వ్యాపారం), మొత్తం, వస్తువు. తర్వాత రెండు పుస్తకాల్లోనూ ఉన్న ఇళ్లను వేరు చేయాలి. వాటిలో ఎన్ని మెట్టు ఎక్కాయి, ఎన్ని అక్కడే ఉన్నాయి, ఏ వరసవాళ్లు పూర్తిగా మాయమయ్యారు చూడాలి. సగటు తీయవద్దు, ఒక్క మేనమామ తులం బంగారం పెడితే సగటు చెడిపోతుంది. మొత్తాలను వరసగా పేర్చి నడిమిది చూడమనండి. ఊరి పేరు రాయని పుస్తకాలే ఎక్కువ ఏడిపిస్తాయి, ఒకే ఇంటిపేరు, ఒకే పేరు నలుగురికి ఉంటుంది.

పెన్నదరి (కడప)

ఇప్పుడు బల్ల దగ్గర క్యూఆర్ కోడ్ పెడుతున్నారు కదా, ఆ మొత్తాలు పుస్తకంలో ఉండవు. అవి ఎలా పట్టుకోవాలి?

లెక్కలబల్ల (ప్రొద్దుటూరు)

ఆ ఖాతా ఎవరిదో వాళ్ల చేత పెళ్లికి ముందు రోజు నుంచి వారం దాకా స్టేట్‌మెంటు తీయించాలి. అందులో బ్యాంకులో ఉన్న పేరు కనిపిస్తుంది, ఊరు కనపడదు, కొన్నిసార్లు కొడుకు ఫోను నుంచి తండ్రి పంపి ఉంటాడు. ఇంట్లో పెద్దావిడను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో పేరూ చదివితే ఎవరు ఏ ఇల్లో ఆమే చెబుతుంది. వారం దాటితే ఆమెకూ గుర్తుండదు. కాబట్టి ఈ మధ్య పెళ్లయిన ఇళ్లతోనే పని మొదలుపెట్టించండి.